చైనా బొక్క నాణేలతో కుట్టిన జంట బొమ్మలు: ఇవి ఎక్కడివో ఎవరికైనా తెలుసా?

సుంకేసుల (కర్నూలు):

అందరికీ నమస్కారం. కర్నూలు పాత ఊళ్లో మా జేజి వాళ్ల మిద్దె పడగొట్టి కొత్తది కట్టుకుందామని పోయిన నెల సామాన్లన్నీ దించాం. అటక మీద జేజినాయన మిలిటరీ ట్రంకు పెట్టె ఉంది, దాని అడుగున ఉన్ని కంబళిలో చుట్టి పెట్టిన రెండు బొమ్మలు దొరికాయి. ఒకటి మగ, ఒకటి ఆడ. జానెడు మీద రెండు వేళ్ల ఎత్తు. ముఖం, చేతులు చెక్కతో చేసి రంగు వేశారు, మిగతా ఒళ్లంతా నాణేలే. గుండ్రటి నాణెం, మధ్యలో చదరపు బొక్క, చుట్టూ నాలుగు చైనా అక్షరాలు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేలా దారంతో కుట్టారు, నడుము కింద వరసలు వరసలుగా లంగా మాదిరి వేలాడుతున్నాయి. తల మీద కూడా నాణేలతోనే విసనకర్ర లాంటి కిరీటం. ఆడబొమ్మకు కుడి చెయ్యి విరిగింది, ఆ ముక్క కంబళిలోనే దొరికింది. ఫోటో ఇక్కడ పెడుతున్నాను.

చిన్నప్పుడు వీటిని జేజి గూట్లో చూసినట్టు లీలగా గుర్తు. బొక్క కాణీల బొమ్మలు అనేది. యుద్ధం రోజుల్లో మన దగ్గర కూడా బొక్క ఉన్న కాణీ ఉండేది కదా, అవే అనుకున్నాను ఇన్నేళ్లూ. జేజినాయన 1942లో మిలిటరీలో చేరి సప్లై లారీ నడిపాడు, 1947లో ఇంటికి వచ్చాడు. సింగపూర్ నుంచి తెచ్చాడని మా నాయన అంటాడు. మా చిన్నాయన మాత్రం కాదు, ఓడ దిగాక బొంబాయిలో కొన్నాడు అంటాడు.

తెలిసినవాళ్లు పాత వస్తువులు కొనే ఒకాయన్ని తీసుకొచ్చారు. ఆయన చూసి ఇవి విజయనగరం కాలానివి, పెనుకొండ కోటలోవి అయ్యుంటాయి, అరవై వేలు ఇస్తాను, వారంలో చెప్పండి అన్నాడు. దారం తెంపి నాణేలు విడివిడిగా అమ్మితే ఇంకా ఎక్కువ వస్తుందని కూడా అన్నాడు. మా తమ్ముడికి ఇల్లు కట్టే ఖర్చు ఉంది కాబట్టి ఇచ్చేద్దాం అంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు, పైగా ఆ వారం గడువుతో టెన్షన్. నిజంగా ఇవి ఎక్కడివి, ఎప్పటివి, ఎలా తెలుసుకోవాలి?

ఆదోని పత్తి:

అక్కా, ముందు ఆ వారం గడువు సంగతి పక్కన పెట్టండి. నిజంగా కొనేవాడు వారంలో చెప్పమని తొందర పెట్టడు. మన జిల్లాల్లో పాత రాగి చెంబు, పాత బిళ్ల ఏది బయటపడినా ఎవడో ఒకడు వాసన పట్టి వస్తాడు. మా వీధిలో ఒకాయన రైస్ పుల్లింగ్ నాణెం అని నమ్మి, పరీక్షలకని, కెమికల్ ఖర్చులకని ఉన్న రెండెకరాలు పోగొట్టుకున్నాడు. బియ్యాన్ని లాగే నాణెం లోకంలో ఎక్కడా లేదు. మీ దగ్గరికి వచ్చినాయన అలాంటివాడని నేను అనడం లేదు, కానీ ఫోటోలు ఎవరికీ వాట్సాప్‌లో పంపొద్దు, బొమ్మల్ని ఇల్లు దాటనివ్వొద్దు.

పెనుకొండ గాలిగోపురం:

విజయనగరం అనేది పూర్తిగా కొట్టిపారేయలేం అనుకుంటా. బుక్కరాయలు 1374లో చైనా చక్రవర్తి దగ్గరికి రాయబారం పంపాడని చరిత్ర పుస్తకాల్లో ఉంది. హంపి తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. తంజావూరు వైపు చైనా నాణేలు కుండల్లో బయటపడ్డాయి. 1565 తర్వాత రాజధాని మా పెనుకొండకే వచ్చింది. ఆ దారిన ఏవైనా ఇటు వచ్చి ఉండొచ్చు కదా?

నాణేల పెట్టె (అనంతపురం):

పెనుకొండ అన్నా, మీరు చెప్పిన రాయబారం, పింగాణీ, తంజావూరు నాణేలు అన్నీ నిజమే. కానీ ఈ బొమ్మల కాలం తేల్చాలంటే నాణెం మీద ఉన్న అక్షరాలు చదవాలి, అది ఒక్క నిమిషం పని. నేను ముప్పై ఏళ్లుగా నాణేలు పోగు చేస్తున్నాను, కొంచెం వివరంగా చెప్తాను.

సుంకేసుల గారూ, చైనా నాణేన్ని పైన, కింద, కుడి, ఎడమ, ఈ వరసలో చదవాలి. పైనా కిందా ఉండే రెండు అక్షరాలు చక్రవర్తి పాలనకు పెట్టుకున్న పేరు. కుడి ఎడమల్లో ఉండేది మామూలుగా తోంగ్‌బావ్, అంటే చలామణి ధనం. మీరు పెట్టిన ఫోటోలో నేను ఇరవై దాకా చదవగలిగాను. ఎక్కువ భాగం చియన్‌లుంగ్ తోంగ్‌బావ్, అవి 1736 నుంచి 1795 మధ్య పోసినవి. నాలుగైదు కాంగ్‌షీ కాలానివి, 1662 నుంచి 1722. ఒకటి రెండు చియాచింగ్, అంటే 1796 తర్వాత. పెనుకొండకు రాజధాని వచ్చింది 1565 తర్వాత. ఆ బొమ్మ మీద ఉన్న నాణేల్లో ఎక్కువ వాటిని అప్పటికి నూట డెబ్బై ఏళ్లు పోతే గాని పోయనే లేదు. విజయనగరం మాట అక్కడితో అయిపోయింది.

నాణెం వెనక్కి తిప్పితే నిలువుగా రాసిన వేరే లిపి కనిపిస్తుంది, అది మంచూ లిపి. ఆ రాజులు మంచూలు. ఎడమ పక్క ఉండేది ధనం అన్న మాట, కుడి పక్క ఉండేది టంకశాల పేరు. బీజింగ్‌లోనే రెండు పెద్ద టంకశాలలు ఉండేవి, ఒకటి రెవెన్యూ శాఖది, ఇంకొకటి పనుల శాఖది. కుట్టులో తిరగబడిన నాణేలు కొన్ని ఉన్నాయి కాబట్టి మీరు దారం తెంపకుండానే వెనక వైపు చూడొచ్చు.

ఇంకో విషయం. వెనక ఏమీ రాయకుండా బోడిగా ఉన్న నాణేలు మీ ఫోటోలో రెండు కనిపించాయి. వాటిలో ఒకటి వియత్నాందిలా ఉంది, కాన్‌హుంగ్ అనే పాలన పేరు, 1740 నుంచి 1786. ఇంకొకటి జపాన్ కాన్‌ఎయ్ నాణెం. చూడ్డానికి అన్నీ ఒకేలా చదరపు బొక్కతో ఉంటాయి, చైనా పద్ధతే చుట్టుపక్కల దేశాలు తీసుకున్నాయి. ఓడరేవుల్లో ఈ మూడు దేశాల నాణేలూ కలిసిపోయి ఒకే దండలో తిరిగేవి.

ఇక అందరూ పొరబడేది ఇక్కడే. నాణెం వయసు వేరు, బొమ్మ వయసు వేరు. 1750 నాటి నాణెంతో 1930లో బొమ్మ కుట్టొచ్చు, పోయిన ఏడాది కూడా కుట్టొచ్చు. బొమ్మ ఎక్కడిదో నాణెం చెప్పదు. దారం, చెక్క, ముఖం చెక్కిన తీరు, కుట్టిన పద్ధతి, ఇవి చెప్తాయి. చైనాలో నాణేలతో ఎక్కువగా చేసేది కత్తి. లోపల ఇనుప కడ్డీలు పెట్టి, చుట్టూ నాణేలు పేర్చి, ఎర్ర దారంతో బిగిస్తారు, దుష్టశక్తులు రాకుండా ఇంట్లో వేలాడదీస్తారు. కాంగ్‌షీ, చియన్‌లుంగ్ ఇద్దరూ అరవై ఏళ్ల పాటు పాలించినవాళ్లు కాబట్టి వాళ్ల నాణేలకు బలం ఎక్కువని నమ్మకం. మీ బొమ్మల్లో ఎర్ర దారం లేదు, ఇనుము ఉన్నట్టు లేదు, చెక్క ముఖం ఉంది. నాకు ఇది చైనా పనిగా కనిపించడం లేదు. అయస్కాంతం పెట్టి చూసి చెప్పండి.

ప్రొద్దుటూరు కంసలి వీధి:

అమ్మా, మాది నాలుగు తరాలుగా బంగారం పని, ఇత్తడి కంచు కూడా చూస్తాం. నాణేల చదువు నాకు రాదు గానీ లోహం మాట చెప్తాను.

ఇవి అచ్చు కొట్టిన నాణేలు కావు, పోత పోసినవి. ఇసుక అచ్చులో చెట్టు కొమ్మల్లా కాలువలు తీసి కరిగిన లోహం పోస్తారు. ఆరిన తర్వాత ఒక్కో నాణేన్ని కొమ్మ నుంచి విరిచి, చదరపు కడ్డీకి గుచ్చి, అన్నింటి అంచులూ ఒకేసారి ఆకురాయితో సాపు చేస్తారు. బొక్క చదరంగా ఉండేది అందుకే, గుండ్రంగా ఉంటే ఆకురాయి ఆడేటప్పుడు నాణెం తిరిగిపోతుంది. మీ ఫోటో పెద్దది చేసి చూస్తే అంచుల మీద ఆ గీతలు కనపడుతున్నాయి. లోహం రాగి, తుత్తునాగం (జింక్) కలిసింది, కొంచెం సీసం కూడా ఉంటుంది. నాణెం నాణేనికీ సైజులో తేడా ఉంది, అరుగుదలలో తేడా ఉంది, రంగు ఒకటి పచ్చగా ఒకటి నల్లగా ఉంది. చేతులు మారిన సొమ్ముకు అలాగే ఉంటుంది. ఈ కాలంలో చేసే నకిలీ బొమ్మల్లో అన్ని నాణేలూ ఒకే అచ్చులో దిగినట్టు ఉంటాయి, అక్షరం మీద అక్షరం పెట్టినట్టు సరిపోతాయి.

చేయకూడనివి చెప్తాను, దయచేసి వినండి. చింతపండుతో తోమొద్దు, నిమ్మకాయ వద్దు, బజార్లో దొరికే పాలిష్ పొడులు వద్దు. ఆ నల్లదనం మురికి కాదు, రెండు వందల ఏళ్ల చర్మం. ఒకసారి పోతే ఎన్ని డబ్బులు ఇచ్చినా తిరిగి రాదు. దారం తెంపొద్దు. ఆ ముఖం రంగును తడిబట్టతో తుడవొద్దు, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. చెక్క ఉంది కాబట్టి చెదలు చూసుకోండి, ఆ పాత కంబళిలో మళ్లీ చుట్టొద్దు, పురుగు ఉంటుంది. పాత తెల్ల పంచె గుడ్డ ఉతికి ఆరబెట్టి దాంట్లో పెట్టండి.

దారం వయసు చూడాలంటే, ఊడిపోయిన పోగు ఏదైనా కంబళిలో రాలి ఉంటే ఆ పోగును మాత్రమే అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. నైలాన్ అయితే కరిగి ఉండ కడుతుంది. నైలాన్ తేలితే బొమ్మ ఈ మధ్యది, లేదా ఈ మధ్య మళ్లీ కుట్టింది.

సుంకేసుల (కర్నూలు):

ఇంత ఓపికగా చెప్పినందుకు ఇద్దరికీ దండం పెట్టాలి. నిన్న రాత్రి మా తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూశాం.

అయస్కాంతం ఎక్కడా పట్టలేదు. లోపల వెదురు పుల్లలు ఉన్నట్టున్నాయి, మెడ దగ్గర ఒక చోట బయటికి కనపడుతోంది. రాలిన పోగు ఒకటి దొరికింది, అంటిస్తే కాగితం వాసన వచ్చింది, బూడిద అయింది. వెనక వైపు నిలువు లిపి చాలా నాణేల మీద ఉంది. లెక్కపెడితే మగబొమ్మకు నూట అరవై రెండు, ఆడబొమ్మకు నూట డెబ్బై దాకా వచ్చాయి, లంగా లోపలి వరసలు సరిగ్గా లెక్కించలేకపోయాం.

ఇంకొకటి గమనించాను. ఆడబొమ్మ పాదాల దగ్గర, నాణేల సందుల్లో పసుపు గట్టిగా అంటుకుపోయి ఉంది. మగబొమ్మకు లేదు. జేజి శుక్రవారం శుక్రవారం పెట్టేదేమో, మా నాయనను అడిగితే ఆయనకూ గుర్తు లేదు. దారం తెంపి అమ్మడం అనే మాట తమ్ముడు కూడా మానేశాడు.

కడప దేవుని గడప:

అక్కా, మీ ఫోటో చూడగానే ఒళ్లు పులకరించింది. నేను నాలుగేళ్లు ఇండోనేసియాలోని బాలి దీవిలో, దెన్‌పసార్ ఊళ్లో ఒక హోటల్ అకౌంట్స్‌లో పనిచేశాను. ఇవి బాలి బొమ్మలు. ఇలాంటి జంటను అక్కడ దుకాణాల్లో, ఇంటి గుళ్లలో చాలా సార్లు చూశాను. ఆడబొమ్మ శ్రీ, వరికి దేవత, దేవి శ్రీ అంటారు. మగబొమ్మ రంబుత్ సెదన, ధనానికి దేవుడు. ఇద్దరినీ కలిపి శ్రీ సెదన అంటారు. డబ్బు దేవుడు కాబట్టి ఒంటిని డబ్బుతోనే చేస్తారు, ముఖం చేతులు చెక్కతో చేస్తారు. మీరు చెప్పిన వెదురు, తెల్ల నూలు దారం, విసనకర్ర కిరీటం అన్నీ సరిపోయాయి.

బాలిలో చదరపు బొక్క నాణేన్ని కెపెంగ్ అంటారు. వాళ్ల మాటలో ఇంకో పేరు పిస్ బోలోంగ్. అంటే ఏమిటో తెలుసా? బొక్క డబ్బు. మీ జేజి బొక్క కాణీల బొమ్మలు అనేదని చదివి నేను కాసేపు ఆగిపోయాను. పక్కనున్న జావాలో మజాపహిత్ రాజ్యం రోజుల నుంచీ, అంటే 14వ శతాబ్దం నుంచీ ఆ దీవుల్లో చైనా నాణేలే చిల్లర డబ్బు. బాలిలో 20వ శతాబ్దం మొదట్లో కూడా సంతలో వాటితోనే కూరగాయలు కొనేవాళ్లు. ఇప్పుడు కొనుగోళ్లకు వాడరు గానీ పూజలకు, పెళ్లికి, దహనానికి, గుడి కట్టేటప్పుడు పునాదికి కెపెంగ్ లేకుండా జరగదు. పాతవి చాలక క్లుంగ్‌కుంగ్ దగ్గర కమసాన్ అనే ఊళ్లో కొత్తవి పోస్తున్నారు. కాబట్టి అనంతపురం సార్ చెప్పినట్టు నాణెం చైనాది, బొమ్మ బాలిది.

వాళ్లకు 210 రోజుల పంచాంగం ఒకటి ఉంది. అందులో బుద వగే క్లవు అనే బుధవారం రంబుత్ సెదన పూజ. ఆ రోజు అప్పు తీర్చరు, పెద్ద ఖర్చు పెట్టరు. నేను పనిచేసిన చోట క్యాష్ పెట్టె ముందర పూలు, కొబ్బరాకు బుట్టలో నైవేద్యం పెట్టేవాళ్లు, ఆ రోజు సప్లయర్లకు డబ్బులు ఇవ్వొద్దని మా మేనేజర్ ముందే చెప్పేది. మన ఇళ్లలో శుక్రవారం లక్ష్మి బయటికి పోకూడదని డబ్బులు ఇవ్వరే, అలాగే.

నాణేల పెట్టె (అనంతపురం):

చెల్లెమ్మా, గొప్ప సహాయం చేశావు. నేను బాలి వరకు ఆలోచించలేకపోయాను. వియత్నాం, జపాన్ నాణేలు ఎందుకు కలిశాయో కూడా ఇప్పుడు సరిపోయింది, ఆ దీవులకు అన్ని ఓడరేవుల చిల్లరా చేరేది.

సుంకేసుల గారూ, ఇప్పుడు మిగిలింది జేజినాయనకు ఇవి ఎక్కడ దొరికాయన్నది. ట్రంకు పెట్టెలో కాగితాలు, ఫోటోలు ఏవైనా ఉన్నాయా? మీ చిన్నాయన బొంబాయి అని ఎందుకు అంటున్నాడో అడిగారా?

సుంకేసుల (కర్నూలు):

అడిగాను సార్. కారణం ఒక ఫోటో. జేజినాయన ఖాకీ బట్టల్లో ఒక లారీ పక్కన నిలబడి ఉన్నాడు, వెనక పెన్సిల్‌తో ఇంగ్లీషులో ఒక మాట, కింద 1946 అని ఉంది. ఆ మాట సోరబ్జీ అని మా చిన్నాయన చదివాడు, బొంబాయి పార్శీ ఫోటో స్టూడియో పేరు అనుకున్నాడు. నేను అక్షరాలు ఒక్కొక్కటిగా చూశాను: ఎస్, ఓ, ఈ, ఆర్, ఏ, బీ, ఏ, జే, ఏ. చివర ఈ లేదు, ఏ ఉంది. సోరబ్జీ అయితే ఇలా రాయరు కదా?

నాణేల పెట్టె (అనంతపురం):

అమ్మా, అది మనిషి పేరు కాదు, స్టూడియో కాదు. అది ఊరు. సురబయ. డచ్చివాళ్ల పాత స్పెల్లింగ్‌లో ఓ, ఈ పక్కపక్కన రాస్తే ఉ అని చదవాలి, జే రాస్తే య అని చదవాలి. తూర్పు జావాలో పెద్ద ఓడరేవు సురబయ. జావా తూర్పు కొస దాటితే బాలి, మధ్యలో ఉన్న జలసంధి సన్నని చోట రెండున్నర కిలోమీటర్లు కూడా ఉండదు.

మీ నాయన చెప్పింది కూడా తప్పు కాదు. 1945 సెప్టెంబరులో జపాన్ లొంగిపోయాక మన 5వ ఇండియన్ డివిజన్ మొదట సింగపూర్‌లోనే దిగింది. తర్వాత నవంబరులో దాన్ని సురబయకు పంపారు. అప్పటికే అక్కడ స్వాతంత్ర్యం కోసం జనం తిరగబడ్డారు, నవంబరు 10న మొదలైన పోరాటం చాలా ఘోరంగా జరిగింది, ఇండోనేసియాలో ఇప్పటికీ ఆ రోజును వీరుల దినంగా జరుపుతారు. ఒక వలస దేశం సైనికుల్ని ఇంకో వలస దేశం మీదికి పంపారు, మనవాళ్లు చాలామందికి అది మింగుడు పడలేదు, కొందరు అటువైపు వెళ్లి చేరారు కూడా. భారత సైన్యం 1946 చివరికి జావా వదిలి వచ్చింది. లారీ పక్కన 1946లో తీయించుకున్న ఫోటో, వెనక సురబయ, పెట్టెలో శ్రీ సెదన జంట. నా మటుకు నాకు సందేహం లేదు.

పనికొచ్చే మాట ఒకటి. నాణేలు రెండు వందల ఏళ్లు దాటినవి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం నేరం. ఎవరైనా ఆన్‌లైన్‌లో విదేశం నుంచి కొంటామని వస్తే ఒప్పుకోవద్దు. ఆ ఫోటోను బొమ్మలతో పాటే ఉంచండి, వెనక పెన్సిల్ రాత మీద ప్లాస్టిక్ అంటించొద్దు.

ప్రొద్దుటూరు కంసలి వీధి:

చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. విరిగిన చెయ్యి గురించి ఎవరూ చెప్పలేదు. ఫెవిక్విక్ లాంటివి పెట్టొద్దమ్మా, మరక తెల్లగా పాకుతుంది, తర్వాత ఊడదీయడానికి రాదు. ముక్కను విడిగా చిన్న డబ్బాలో దూదిలో పెట్టండి. విరిగిన చోటు దగ్గరగా ఫోటో తీసి పెడితే, లోపల మేకు ఉందా, పుల్ల ఉందా చూసి చెప్తాను.

సుంకేసుల (కర్నూలు):

ఫోటో పొద్దున వెలుతురులో తీసి పెడతాను అన్నా. మా చిన్నాయనకు ఫోన్ చేసి సురబయ అని చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా అన్నాడు, జ్వరం వచ్చినప్పుడల్లా నాయన జావా, జావా అనేవాడు, మేము ఆ మాట చావా, చావా అని విని భయపడేవాళ్లం అని.

ఆ కొనేవాయనకు ఇవ్వడం లేదని తమ్ముడే ఫోన్‌లో చెప్పేశాడు. కొత్త ఇంట్లో గూడు ఎక్కడ పెట్టాలో మేస్త్రీని అడగాలి. కడప చెల్లీ, ఇద్దరిలో ఎవరిని కుడి పక్కన పెడతారో అక్కడ చూసిన గుర్తు ఉంటే చెప్పు.

కడప దేవుని గడప:

నేను పనిచేసిన చోట జంటను పక్కపక్కనే పెట్టేవాళ్లు అక్కా, కుడి ఎడమల సంగతి అప్పటి నా ఫోటోల్లో వెతికి రేపు పెడతాను. ఒకటి మాత్రం బాగా గుర్తు, నేల మీద పెట్టరు, ఎత్తుగా పీట వేసి తెల్లటి గుడ్డ, పసుపు గుడ్డ పరిచి దాని మీద పెడతారు.